మూడో ప్లగ్గు మీద ఎర్ర గీత

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి మాస్టారింట్లో ఫోను మోగింది. నర్సు కళ్ళు తెరిచిందని కబురు.

ఫోను చేసింది ఆసుపత్రి వార్డు సిస్టరు. యాభై అయిదు గంటల తర్వాత ఆ అమ్మాయి కళ్ళు తెరిచి, నీళ్ళడిగి, రెండు చెంచాలు తాగింది. తర్వాత ఒకే ఒక్క మాట అంది. "గిన్నెలు పడిపోతున్నాయి" అని. అది పలవరింతేనని డాక్టరు కొట్టిపారేశారట. రేపు ఉదయం పదింటి దాకా ఆమెని ఎవరూ ఏమీ అడగకూడదని కూడా చెప్పారట.

ఏ మార్పు వచ్చినా కబురు చెయ్యమని సిస్టరుని అడిగి ఉంచిన సర్వేయరమ్మ అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది, గిన్నెలతో సహా. బీమా కంపెనీ తరఫున ఏడేళ్ళు విరిగిన బళ్ళు చూసి, ఎందుకు విరిగాయో రాసిన మనిషి ఆమె. కిందటేడు ఆ ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు చేస్తోంది. పేరు మాత్రం సర్వేయరమ్మగానే నిలిచిపోయింది. పెళ్ళయి పంతొమ్మిది రోజులు. భర్త పళ్ళ డాక్టరు. ఒంటిగంట నుంచి అయిదు దాకా క్లినిక్కు మూసి ఉండే వేళలో ఒకప్పుడు నిద్రపోయేవాడు, ఇప్పుడు భార్య పనిముట్ల సంచీ మోస్తున్నాడు. కబురు వినగానే చేతిలో ఉన్న బత్తాయి తొనల్లో పెద్దది ఏరి ఆమె నోట్లో పెట్టాడు. ఆమె నములుతూనే రాసుకుంది.

మాస్టారికి ఫోను మోగడం కూడా వినపడలేదు. ఆయన చెవి మిషను సోమవారం సాయంత్రం నుంచి రిపేరులో ఉంది. సర్వేయరమ్మ ఒక కాగితం మీద "కళ్ళు తెరిచింది, నీళ్ళు తాగింది" అని రాసి ఆయన ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

"ఎన్ని చెంచాలు?"

ఆమె రెండు వేళ్ళు చూపించింది.

"మంచిది. సున్నా కాదు," అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. సర్వేయరమ్మకి కూడా ఆయనే చెప్పాడు. తన సంగతి ఏమిటని మాత్రం అడగలేదు. అడగవలసిందే నిజానికి. సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి, షెడ్డుకి వేసిన సీలు తీసి, కారునీ మాస్టారినీ కలిపి పట్టుకెళ్తానని చెప్పి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఆ రాత్రి లాకప్పులో పడుకోవాలి.

కేసు నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. మంగళవారం ఉదయం ఆరూ పదిహేనుకి నైట్ డ్యూటీ దిగిన నర్సు సైకిల్ మీద ఇంటికి బయల్దేరింది. ఆరూ ఇరవైకి ఆసుపత్రి వెనక సందు మలుపులో వెనకనుంచి ఒక బండి గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. చూసినవాళ్ళు లేరు. విన్నవాడు ఒకడున్నాడు. ఆ మలుపులోనే రేడియోలు బాగుచేసే కొట్టు ఉంది. దాని యజమానిని ఊరంతా రేడియో బాబాయి అంటుంది. సెట్టు ఊపి చూసి ఏ తీగ ఊడిందో చెప్పగలడని ప్రతీతి. ఆయన ఏడూ పదిహేనుకి తనే పోలీసు స్టేషనుకి వెళ్ళి వాఙ్మూలం ఇచ్చాడు: "పాత నాలుగు సిలిండర్ల ఇంజను. ఒక దెబ్బ తప్పుతోంది, కుంటుతోంది. అది లెక్కల మాస్టారి కారే."

ఎనిమిదింటికి పోలీసులు మాస్టారింటికి వచ్చారు. బానెట్ ఇంకా వెచ్చగా ఉంది. స్టార్ట్ చేస్తే ఇంజను కుంటింది. బంపరు మీద సొట్ట ఉంది. అది రెండేళ్ళనాటిదని మాస్టారు చెబితే నవ్వారు. అయిదూ యాభైకి భార్యని రైలెక్కించడానికి వెళ్ళానని, ఆరూ అయిదు రైలు వెళ్ళాక కాలవ రోడ్డున తిరిగి వచ్చానని, ఆరూ పాతికకి ఇంట్లో ఉన్నానని ఆయన చెప్పాడు. కాలవ రోడ్డున ఆయన్ని చూసినవాళ్ళెవరూ దొరకలేదు. ఇంజను వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బాగానే ఉందన్నాడు. వినపడని మనిషి ఇంజను బాగుందంటే ఎవరు నమ్ముతారు?

"నేను చెవితో వినను," అన్నాడు మాస్టారు ఇప్పుడు మళ్ళీ, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ప్రతి ఆదివారం బానెట్ మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి చూస్తాను."

మంగళవారమే మధ్యదారిలో కబురంది వెనక్కి వచ్చేసిన మాస్టారి భార్య, ఇంజను మాటెత్తితేనే మండిపడుతోంది. తన గోళ్ళ రంగు సీసా కూడా ఆ షెడ్డులోకే పోయిందని, ఆ కారుకి ఉన్నపాటి అలంకారం తనకి లేదని అంది. సర్వేయరమ్మ పుస్తకం మళ్ళీ తెరిచి, ఆ రంగు కారులో ఎక్కడ వేస్తారని అడిగింది. ప్లగ్గుల దగ్గర అట, ఎందుకో ఆ మహానుభావుడికే తెలియాలట. సర్వేయరమ్మ అదీ రాసుకుంది.

*

రెండూ పదిహేనుకి భార్యాభర్తలు రేడియో కొట్టులో ఉన్నారు.

కొట్టు ఇరుకు. బల్ల నిండా విప్పిన సెట్లు. గోడవారగా దండేనికి ఆరు లౌడ్‌స్పీకర్ గొట్టాలు వేలాడుతున్నాయి. కొట్టు పక్కన రేకుల పందిరి, దాని కింద ఒక వ్యాను పట్టేంత ఖాళీ జాగా, మధ్యలో నూనె మరక. రేడియో బాబాయి లేచి కుర్చీలు దులిపాడు. కొత్త దంపతులు మొదటిసారి వచ్చారని మురిసిపోయి, పెళ్ళికి పిలవలేదని నిష్ఠూరమాడాడు.

ఆ మర్యాదకి పళ్ళ డాక్టరు కరిగిపోయాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నర్సు కళ్ళు తెరిచిందన్న మాట కూర్చోకముందే చెప్పేశాడు. సర్వేయరమ్మ అతని కాలు తొక్కింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

బాబాయి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"ఏమైనా చెప్పిందా పాపం?"

"నీళ్ళడిగింది," అంది సర్వేయరమ్మ. "అంతే."

చల్లని మాట చెప్పారన్నాడు బాబాయి. ఒంటరిగా పడుంటుంది, తోచదు, ఒక చిన్న రేడియో తీసుకెళ్ళి పక్కన పెడతానన్నాడు. ఎంత మంచివాడన్నట్టు డాక్టరు భార్య వైపు చూశాడు. ఆమె బాబాయి కుడిచేతి వైపు చూస్తోంది. బొటనవేలి కొసా చూపుడువేలి కొసా రెండూ కాలి, తెల్లటి మందు పూసి ఉన్నాయి.

ఏం జరిగిందని అడిగింది. టంకం పెట్టేటప్పుడు కాల్చుకున్నాను, మా పనిలో మామూలే అన్నాడు. టంకం కడ్డీ ఏ చేత్తో పట్టుకుంటారని ఆమె అడగలేదు. కడ్డీ బల్ల మీద ఉంది. చెక్క పిడి కుడిచేతి వేళ్ళ ఆకారంలో అరిగి ఉంది. కడ్డీ పట్టుకున్న చేయి కాలడం అరుదు.

తర్వాత ఆమె ఆయన చెవిని పొగిడింది. ఆ పని చేయడానికి పెద్ద కష్టపడనక్కర్లేకపోయింది. ఆయన బల్ల మీద వేలి మెటికతో కొట్టి చూపించాడు. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మళ్ళీ మూడు దెబ్బలు, ఒక ఖాళీ.

"గుర్రం మూడు కాళ్ళ మీద పరిగెత్తినట్టు. అలాంటి నడక ఒకసారి వింటే మర్చిపోతామా అమ్మా?"

"ఆయన కారు అంతకుముందు ఎప్పుడైనా కుంటడం విన్నారా?"

"సోమవారం దాకా శుభ్రంగా ఉండేది."

"మంగళవారం ఆయన రైల్వే స్టేషనుకి వెళ్ళేటప్పుడు కూడా ఈ మలుపులోంచే వెళ్ళాలి కదా. అప్పుడు విన్నారా?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన చెవికి ఏదైనా తప్పిపోయిందంటే ఒప్పుకునే మనిషి కాదు.

"విన్నాను. అయిదూ యాభై అయిదు. వెళ్ళేటప్పుడు కూడా కుంటుతూనే వెళ్ళింది. అదే కుంటు, అదే ఖాళీ. కావలిస్తే రాసుకో."

ఆమె రాసుకుంది. వ్యాను ఏదని అడిగింది. రంగు వేయించడానికి ఇచ్చానన్నాడు. ఎప్పుడంటే మంగళవారం మధ్యాహ్నం అన్నాడు. మాస్టారి చెవి మిషను మాటేమిటంటే సొరుగులోంచి తీసి ఇచ్చాడు. బాగుచేయడం బుధవారమే అయిపోయిందట, పోలీసుల గొడవలో ఎలా వెళ్ళి ఇస్తానని ఊరుకున్నాడట.

లేస్తూ ఆమె భుజం దండేనికి తగిలింది. ఆరు గొట్టాలూ ఒకదానికొకటి తగిలి, వంటింట్లో అలమర కూలినట్టు మోగాయి. బాబాయి చటుక్కున లేచి రెండు చేతులతో వాటిని పట్టుకున్నాడు.

"ఇవి మామూలుగా ఎక్కడుంటాయి?" అని అడిగింది సర్వేయరమ్మ.

"వ్యానులో," అన్నాడు ఆయన.

బయటికొచ్చాక డాక్టరు తప్పుచేసిన పిల్లాడిలా నడిచాడు. కాసేపటికి తన నోరే తనకి శత్రువన్నాడు. నలుగురి నోళ్ళూ తెరిపించి బతికేవాడికి సొంత నోరు మూసుకోవడం రాకపోతే ఎలా అని ఆమె అడిగింది. అడిగి, సంచీకి రెండో పిడి తను పట్టుకుంది. ఇద్దరూ చెరో పిడీ పట్టుకుని నడిస్తే సంచీ అసలు బరువే లేదు.

*

ఇన్‌స్పెక్టరు నాలుగింటికి ఒక నిమిషం ముందే వచ్చాడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు, కారు లాక్కెళ్ళే లారీ.

ఆయనకీ సర్వేయరమ్మకీ పాత లెక్కలున్నాయి. ఆమె బీమా కంపెనీలో ఉన్నప్పుడు ఆయన రాసిన మూడు రిపోర్టులని తిరగరాయించింది. అందువల్ల ఆయన ఎంతో గౌరవంగా మాట్లాడాడు.

"కొత్త పెళ్ళికూతురికి ఈ నూనె మరకలు ఎందుకమ్మా? హాయిగా ఊళ్ళు తిరక్క."

"తిరగడానికి మాకు కారు లేదండీ. ఇది బాగుచేసుకుందామని వచ్చాం."

ఇన్‌స్పెక్టరు చేతిలో పోలీసు మెకానిక్కు రిపోర్టు ఉంది. మూడు వాక్యాలు. మూడో సిలిండరు పనిచేయడం లేదు. పాత లోపం. ఇంజను వయసు వల్ల వచ్చింది. ప్లగ్గులు ఊడదీసి చూశారా అని సర్వేయరమ్మ అడిగింది. ప్లగ్గుల మీది తీగలు ఒక్కొక్కటే లాగి చూశారట. మొదటిది లాగితే ఇంజను ఇంకా కుంటింది, రెండోదీ నాలుగోదీ అంతే. మూడోది లాగితే ఏ తేడా రాలేదు. అంటే అది ముందే చచ్చి ఉంది. ఊడదీయడం ఎందుకు అన్నాడు.

"ఎప్పుడు చచ్చిందో తెలియడానికి. మీ ముందే తీస్తాను. సీలు మీదే, మీరే తెంచండి. మంగళవారం నుంచి మీ లక్క ముద్ర చెక్కు చెదరలేదని ముందు మీరే చూసుకోండి."

చూసుకున్నాడు. చెదరలేదు. తన సీలు బాగా లేదని తనే అనలేడు కనుక తలుపు తీయించాడు.

షెడ్డు అంటే మూడు గోడలు, ముందు ఇనుప చట్రం తలుపు. మంగళవారం ఉదయం దానికి గొళ్ళెమే తప్ప తాళం లేదు. కారు తాళంచెవి కారులోనే ఉండేది. ఈ కారుని ఎత్తుకెళ్ళేవాడికి తోసుకెళ్ళే ఓపిక కూడా ఉండాలని మాస్టారి భార్య అంది. ఆ రోజు ఇల్లు చేరాక ఏం చేశారని సర్వేయరమ్మ మాస్టారిని అడిగింది. ఇప్పుడు ఆయన చెవిలో మిషను ఉంది కనుక అరవనక్కర్లేదు. ఆరున్నర నుంచి ఏడింటికి అయిదు నిమిషాల ముందు దాకా స్నానం చేశానన్నాడు. స్నానాల గది ఇంటి వెనక ఉంది. షెడ్డు ముందుంది. మధ్యలో రెండు గోడలు, ధారగా పడే నీళ్ళు, మిషను లేని చెవులు.

"ఆ పాతిక నిమిషాల్లో ఇక్కడ కారు స్టార్ట్ చేసినా మీకు వినపడదు కదా మాస్టారూ?"

"ఫిరంగి పేల్చినా వినపడదు."

ఆమె బానెట్ ఎత్తించే ముందు ఒక పని చేసింది. గ్లాసు నిండా నీళ్ళు పోయించి, బానెట్ మధ్యలో పెట్టి, కానిస్టేబులు చేత ఇంజను స్టార్ట్ చేయించింది. కారు ఒంట్లో చలిజ్వరం ఉన్నట్టు వణికింది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. ఇరవై లెక్కపెట్టేలోగా గ్లాసు అంచుదాకా జారింది, సగం నీళ్ళు ఇన్‌స్పెక్టరు బూట్ల మీద పడ్డాయి. ఆయన వెనక్కి జరిగాడు. ఇంజను ఆపించారు.

బానెట్ ఎత్తారు. పాతికేళ్ళ ఇంజను, కానీ తుడిచి తుడిచి మెరుస్తోంది. నాలుగు ప్లగ్గులు వరసగా ఉన్నాయి. ప్రతి ప్లగ్గు మొదట్లో, అది ఇంజనులోకి దిగేచోట, సన్నటి ఎర్ర గీత ఉంది. సగం గీత ప్లగ్గు మీద, మిగతా సగం ఇంజను మీద. మాస్టారి భార్య దగ్గరకొచ్చి చూసి, అది తన రంగేనని వెంటనే గుర్తుపట్టింది.

ఎందుకు గీశారో మాస్టారు చెప్పాడు. ఒకసారి ఏదో గ్యారేజీలో కొత్త ప్లగ్గులు వేశామని పాతవే తిరిగి పెట్టారట. అప్పటి నుంచి ఇంటి దగ్గర తనే బిగించుకుంటాడు. బిగించాక గీత గీస్తాడు. ఎవరైనా ప్లగ్గు విప్పితే మళ్ళీ సరిగ్గా ఆ చోటికే రాదు, రెండు సగాలూ కలవవు. పదకొండు రోజుల కిందట ఆదివారం నాలుగింటికీ గీశాడు.

ఒకటి, రెండు, నాలుగు కంటికి కనిపిస్తున్నాయి. గీతలు కలిశాయి. మూడోది ఒక లావుపాటి గొట్టం వెనక దాక్కుని ఉంది. సర్వేయరమ్మ భర్త వైపు చేయి చాచింది. అతను జేబులోంచి పన్ను వెనక చూసే చిన్న అద్దం తీసి, అలవాటు కొద్దీ రుమాలుతో తుడిచి ఇచ్చాడు. ఆమె దాన్ని గొట్టం వెనక పెట్టి, టార్చి వేసి, ఇన్‌స్పెక్టరుని చూడమంది. ఆయన వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"కలవలేదు," అన్నాడు చివరికి. "పావు చుట్టు పక్కకి ఉంది. అయితే ఏమైంది? ఈయనే విప్పి ఉండొచ్చు."

"విప్పితే మళ్ళీ గీసేవారు. సరే, ఇప్పుడు విప్పుదాం. ఒక సంగతి ముందే చెబుతాను, తర్వాత కల్పించానని అనకుండా. మీ సాక్షి లెక్క ప్రకారం ఈ కారు అయిదూ యాభై అయిదుకే కుంటుతూ వెళ్ళింది. నాతో ఇవాళే చెప్పాడు. రైల్వే స్టేషనుకి పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు. నిప్పు పడని సిలిండరులోకి దారి పొడుగునా పెట్రోలు వెళ్తూనే ఉంటుంది. మండదు. ఆ ప్లగ్గు మూతి మసితో, జిడ్డుతో నల్లగా ఉండాలి. అవునా కాదా?"

ఇన్‌స్పెక్టరు లారీ డ్రైవరు వైపు చూశాడు. అతను అవునన్నట్టు తల ఊపాడు, తర్వాత ఊపకూడదేమోనని ఆపేశాడు.

నాలుగు ప్లగ్గులూ వరసగా తీసి ఆమె డాక్టరు రుమాలు మీద పెట్టింది. అతను వాటిని పళ్ళని చూసినట్టే చూశాడు. మొదటిదీ, రెండోదీ, నాలుగోదీ బిస్కెట్ రంగులో పొడిగా ఉన్నాయి. ఆరోగ్యమైన ఇంజను రంగు అది. మూడోది కూడా బిస్కెట్ రంగే. ఇంతకుముందు తిప్పినందుకు పెట్రోలు వాసన కాస్త ఉంది. మసి లేదు, జిడ్డు లేదు. తేడా ఒక్కటే. నిప్పురవ్వ ఎగరడానికి ప్లగ్గు కొసన గోరు మందం సందు ఉండాలి. మిగతా మూడింటికీ ఉంది. దీనికి లేదు. వంపు తిరిగిన ఇనుప కొక్కెం నొక్కుకుపోయి కింది పుల్లకి ఆనుకుంది. దాని నెత్తిన సిమెంటు పొడి అంటిన చిన్న కొత్త గాయం.

"నేలకేసి ఒక దెబ్బ," అంది సర్వేయరమ్మ. "సందు మూసుకుపోయింది. నిప్పు రాదు. ఇది వయసు వల్ల వచ్చే లోపం కాదండీ. చేత్తో చేసింది. పద్నాలుగు కిలోమీటర్లూ ఈ ప్లగ్గు శుభ్రంగా పనిచేసింది, రంగే చెబుతోంది. కారు ఇంటికొచ్చాకే దీన్ని చంపారు. మీరు ఎనిమిదింటికి వచ్చి వినేలోగా."

ఆమె సందు తెరిచి, మందం చూసే రేకుతో కొలిచి, నాలుగూ బిగించింది. ఇంజను స్టార్ట్ చేయించి, గ్లాసు నింపి మళ్ళీ బానెట్ మీద పెట్టింది. ఈసారి ఇన్‌స్పెక్టరు ముందే దూరం జరిగాడు. ఆ అవసరం లేకపోయింది. నీటి మీద సన్నటి వలయాలు తిరుగుతున్నాయి, అంచు దాటలేదు. మాస్టారు మిషను తీసి జేబులో వేసుకుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"నాలుగూ పలుకుతున్నాయి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు అంత తేలిగ్గా ఓడే మనిషి కాదు. రేడియో బాబాయి నిజంగానే కుంటే బండిని విన్నాడనుకుందాం, అది మరెవరి బండో అయి ఉంటుంది, ఆయన పొరబడ్డాడు, అంతమాత్రాన దొంగ అవుతాడా అన్నాడు. సర్వేయరమ్మ ఒప్పుకుంది. పొరపాటు మనుషులకే జరుగుతుంది. కానీ ఆయన పొరబడిన మాటకి సరిగ్గా సరిపోయేలా ఈ కారుని ఎవరో కుంటిదాన్ని చేశారు. అలా చేయాలంటే ఆయన ఏం చెప్పబోతున్నాడో ముందే తెలిసి ఉండాలి.

"ఏడూ పదిహేనుకి ఆయన స్టేషనులో చెప్పాడు. తర్వాత ఎక్కడున్నాడు?"

"అక్కడే. మా జీపులోనే ఇక్కడికి తీసుకొచ్చాం."

"ఈలోగా మీ వాళ్ళెవరైనా వచ్చి ప్లగ్గు కొట్టారా?"

ఆయన చేతిలోని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే కుంటు సంగతి ఏడూ పదిహేనుకి ముందు తెలిసింది ఒక్కరికే. ఆరున్నరకీ ఏడుకీ మధ్య ఈ షెడ్డులోనే తెలిసింది. స్టార్ట్ చేసి, బాగా కుంటుతోందా లేదా అని విని మరీ వెళ్ళాడు. ఆ చెవికి అంత శ్రద్ధ. మాస్టారికి వినపడదని ఎలా తెలుసంటారా? చెవి మిషను అప్పుడు బాబాయి సొరుగులోనే ఉంది. పద్నాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చిన ఇంజనులో ప్లగ్గు ఎంత వేడిగా ఉంటుందో మీ లారీ డ్రైవరుని అడగండి. మీ సాక్షి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చూడండి. రెండు కొసలూ కాలాయి. చిటికెతో ఏదో పట్టుకున్నట్టు."

"ఎందుకు చేస్తాడు ఇదంతా?"

"ఆయన వ్యాను మంగళవారం మధ్యాహ్నమే రంగుకి వెళ్ళింది. దానిలో ఎప్పుడూ ఆరు లౌడ్‌స్పీకర్ గొట్టాలు వేలాడుతుంటాయి. మలుపు తిరిగితే ఒకదానికొకటి కొట్టుకుంటాయి. నేను విన్నాను." ఆమె పుస్తకం తెరిచి, ఆ రోజు రాసుకున్న మొదటి పేజీ ఆయన ముందు పెట్టింది. "నర్సు వెనక్కి తిరిగి చూసే వ్యవధి లేదు. ఆమె కూడా విన్నది మాత్రమే చెప్పింది."

ఇన్‌స్పెక్టరు చదివాడు. గిన్నెలు పడిపోతున్నాయి.

లారీని వెనక్కి పంపించేశాడు. మాస్టారికి క్షమాపణ చెప్పలేదు కానీ, బయటికి నడుస్తున్నవాడు ఆగి గ్లాసు తీసి అరుగు మీద పెట్టాడు. అయితే తనకి ఒక రోజే గడువుందని హెచ్చరించాడు. కాలిన వేళ్ళూ, పలవరింతలో మాటా చెబితే జడ్జి నవ్వుతాడు. వ్యాను బంపరు మీద ఈపాటికి రెండు పూతలు పడి ఉంటాయి. రేపటికి గట్టి సాక్ష్యం లేకపోతే మళ్ళీ మాస్టారే దిక్కు.

*

నాలుగూ యాభైకి ఫోను మళ్ళీ మోగింది. వార్డు సిస్టరే. నర్సు కులాసాగా నిద్రపోతోందట. మూడున్నరకి రేడియో బాబాయి వచ్చి, ఒక బుజ్జి రేడియో ఆమె మంచం పక్కన స్టూలు మీద పెట్టి, తీగ గోడకి తగిలించి వెళ్ళాడట. ఎంత మంచివాడో చెప్పడానికే ఫోను చేసింది.

పళ్ళ డాక్టరు ముఖం పాలిపోయింది. సర్వేయరమ్మ గొంతు మాత్రం మారలేదు.

"రేడియో పాడుతోందా సిస్టర్?"

లేదట. పేషెంటు నిద్ర చెడుతుందని ఆయనే ఆఫ్ చేసి వెళ్ళాడట. రేపు తను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని కూడా చెప్పాడట.

"ఒక్కసారి వెళ్ళి దాని మీద అరచెయ్యి పెట్టి చూసి రండి. గదిలో ఒక్క మాట కూడా మాట్లాడకండి. నర్సు లేచినా మాట్లాడనివ్వకండి."

ఫోను అవతల చెప్పుల చప్పుడు దూరమైంది. షెడ్డు దగ్గర ఇంకా ఉన్న ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి వచ్చాడు. గోడ గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి. చెప్పుల చప్పుడు దగ్గరైంది.

వెచ్చగా ఉందట. బాగా వెచ్చగా.

సర్వేయరమ్మ సిస్టరుకి నాలుగు మాటలు చెప్పి ఫోను పెట్టేసింది. "ఆఫ్ చేసిన రేడియో పాడదు. కానీ ఏదో పని చేస్తూనే ఉంది," అంది. "పాడటం కాదు ఆ పని. వినడం. గోడలకి చెవులుంటాయంటారు, ఆయన చెవినే తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టాడు. కొట్టు వెనక సందులోనే ఉంది, బల్ల దగ్గర కూర్చుంటే ఆ గదిలో చీమ చిటుక్కుమన్నా తెలుస్తుంది. ఆమె గిన్నెల మాట ఇంకోసారి అంటే, వినే మొదటి మనిషి ఆయనే."

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. ఇప్పుడే వెళ్ళి పట్టుకుంటానన్నాడు. వద్దంది ఆమె. పాత రేడియో, ఏదో చెడిపోయి వేడెక్కిందంటాడు. బాగుచేసేవాడి మాట కాదనడానికి ఇంకో బాగుచేసేవాడు కావాలి. ఈ రాత్రికి వార్డు గుమ్మంలో ఒక కానిస్టేబులు మామూలు బట్టల్లో కూర్చుంటే చాలు. రేడియో అక్కడే ఉండాలి, వెచ్చగానే ఉండాలి.

"రేపు పదింటికి ఆసుపత్రి డాక్టరు గారు ప్రశ్నలకి ఒప్పుకున్నారు కదా. ఈలోగా మీరు రెండు పనులు చెయ్యాలి. రంగుల షెడ్డు నుంచి వ్యాను మీ చేతికి రావాలి, ఆయనకి తెలియకుండా. రెండోది, స్టేషనులో ఏదో సభ ఉందని చెప్పి ఆ ఆరు గొట్టాలూ అద్దెకి తెప్పించండి. ఆయనే స్వయంగా పంపిస్తాడు."

ఇన్‌స్పెక్టరు చిన్నగా నవ్వాడు. మూడేళ్ళలో ఆమె ముందు నవ్వడం అదే మొదటిసారి.

"ఆ తర్వాత?"

"కిటికీ కింద ముందు మాస్టారి కారు నడుస్తుంది. తర్వాత వ్యాను, గొట్టాలతో సహా. నర్సు కళ్ళు మూసుకుని వింటుంది. ఏది విన్నదో ఆ డాక్టరు ఎదుట, మీ ఎదుట చెబుతుంది. ఇంకొకాయన కూడా వింటాడు, తన బల్ల దగ్గర కూర్చుని. రంగుల షెడ్డులో ఉండాల్సిన తన బండి ఆసుపత్రి కిటికీ కింద మోగితే ఆ చెవి గుర్తుపట్టకుండా ఉండదు. అప్పుడు పారిపోతాడో, రేడియో కోసం పరిగెత్తుకొస్తాడో నాకు తెలియదు. రెండు దారుల్లోనూ మీ మనుషులుండాలి."

మాస్టారు మళ్ళీ చెవికి పెట్టుకున్న మిషను సరిచేసుకుని, తన కారుని తనే నడుపుతానన్నాడు. నెమ్మదిగా, మొదటి గేరులో, నాలుగూ పలికేలా. పళ్ళ డాక్టరు సంచీ సర్దుతూ తన వంతు ఏమిటని అడిగాడు.

"రేపు ఉదయం పదింటి దాకా మీరు నోరు తెరవకూడదు," అంది సర్వేయరమ్మ.

అతను నోరు గట్టిగా మూసుకుని, సంచీకి ఒక పిడి తను పట్టుకుని, రెండోది ఆమెకి అందించాడు. ఇన్‌స్పెక్టరు తన పుస్తకం తీసి, నిలబడే రాసుకున్నాడు: శుక్రవారం ఉదయం పది గంటలు, రెండు బళ్ళు, ఒక కిటికీ, ఆఫ్ చేసిన రేడియో ఒకటి.